2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

సభ్యులందరికీ నమస్కారం.

సమావేశం అంటే నివేదిక ఉండాలి కాబట్టి ఏటా రాస్తాను. ఈసారి మాత్రం రాయాలని నాకే గట్టిగా ఉంది, ఎందుకంటే మన సంఘం మొదటిసారి సముద్ర తాబేళ్లను కాపాడే పనిని అలవాటు కొద్దీ చేసుకుపోకుండా లెక్క చూసి మార్చుకుంది. మన ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయను.

ముందు కృతజ్ఞతలు. రాత్రి రెండింటికి స్టీలు క్యాన్‌లో టీ పట్టుకుని మైపాడు ఒడ్డుకు వచ్చిన మన ఉపాధ్యక్షురాలు గారికి, ఆమె వెంట టార్చి పట్టుకొచ్చిన ఆవిడ మనవడికి. పాకల, కొత్తపట్నం వైపు నడిచిన ఒంగోలు మిత్రులకు. సరుగుడు తోటలో వెదురు బొంగులు ఇచ్చి డబ్బులు వద్దన్న రైతు గారికి. కంచెకు పాత వలలు ఇచ్చిన మత్స్యకార అన్నలకు. ఫారాలు జిరాక్స్ తీసి ఇచ్చిన షాపు తమ్ముడికి, అంత చెమ్మగాలిలో కూడా నోటుపుస్తకం తడవకుండా కాపాడిన డిగ్రీ విద్యార్థినులు ఇద్దరికి. అటవీ శాఖ కింది స్థాయి సిబ్బంది కొందరు డ్యూటీ అయిపోయాక కూడా మనతో నడిచారు, వాళ్లకు ప్రత్యేకంగా. ఎవరి పేరైనా జారిపోతే సమావేశంలో లేచి చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తాను.

ఇక పని. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయని అందరికీ తెలుసు. తల్లి ఇసుకలో తవ్వే ఒక్కో గుంటలో సుమారు వంద గుడ్లు, నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు. మనం ఇన్నేళ్లూ చేసింది ఏమిటంటే కుక్కలు, నక్కలు తవ్వేలోపు గుడ్లు తెచ్చి కంచెలో పూడ్చడం, పిల్లలు వచ్చాక బడి పిల్లల్ని పిలిచి సముద్రంలోకి వదలడం, ఫొటో దిగడం. అది మంచి పనే, నేను కాదనను. కానీ తాబేళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు. వదిలిన పిల్లల లెక్క ఉంది, అంతే.

అందుకే ఈ సీజన్‌లో మూడు పట్టికలు పెట్టాం. గుడ్లు ఉన్న గుంటలు, గుడ్లు పెట్టకుండా వెనక్కి వెళ్లిపోయిన జాడలు, చనిపోయి ఒడ్డుకు వచ్చిన తాబేళ్లు. మూడోది రాయడం ఎవరికీ ఇష్టం లేదు. ఆ వాసనకు ఒకరిద్దరు మళ్లీ రాలేదు కూడా. కళేబరం కనపడితే వీపు చిప్ప కొలిచి, తేదీ, చోటు రాసి, పైన ఎర్ర రంగు పూసి వదిలేశాం, మర్నాడు ఇంకో జట్టు వచ్చి దాన్నే మళ్లీ లెక్క వేయకుండా. ఆ రంగు డబ్బా మోసిన తమ్ముడికి ఈ నివేదికలో అందరికంటే పెద్ద దణ్ణం.

ఫిబ్రవరి ఆఖరున కార్యవర్గ సమావేశంలో ఒక వాదన జరిగింది, దాన్ని దాచకుండా రాస్తున్నాను. నిరుటి కంటే గుంటలు బాగా ఎక్కువ దొరికాయి కాబట్టి "తాబేళ్లు పెరిగాయి" అని బ్యానర్ కొట్టిద్దాం అన్నారు కొందరు పెద్దలు. నేను ఒప్పుకోలేదు. నిరుడు మనం శని, ఆదివారాలే నడిచాం, ఈసారి రోజు విడిచి రోజు నడిచాం, ఎక్కువసార్లు వెతికితే ఎక్కువ దొరుకుతాయి, అంతేగానీ సముద్రంలో తాబేళ్లు పెరిగాయని ఎట్లా అంటాం? పైగా ఒకే తల్లి ఒక సీజన్‌లో రెండు మూడు సార్లు గుడ్లు పెట్టొచ్చు, కాబట్టి గుంటల లెక్క తల్లుల లెక్క కాదు. మగవి ఒడ్డెక్కవు, పిల్ల తాబేళ్లు పెద్దవై తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది, అవేవీ మన పుస్తకంలో లేవు. నడిచిన ప్రతి కిలోమీటరుకు ఎన్ని గుంటలు అని చూస్తేనే రెండేళ్లను పక్కపక్కన పెట్టగలం. అట్లా చూసుకుంటే తేడా చెప్పుకోదగ్గంత లేదు. బ్యానర్ ఆగింది. ఒకరిద్దరికి నా మీద ఇంకా కోపం ఉంది, నాకు తెలుసు, అయినా సరే.

మార్కాపురం వైపు నుంచి వచ్చే మన సభ్యుడొకరు అప్పుడు పులుల సంగతి చెప్పారు. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో పులులు ఉన్నాయని కాగితం మీద లెక్క చూపిస్తూ వచ్చారు, 2005 నాటికి చూస్తే ఒక్కటీ లేదు. పాదముద్రలు చూసి లెక్కపెట్టే పాత పద్ధతిని ఆ తర్వాత వదిలేసి, కెమెరాలు పెట్టి ఒంటి మీది చారలను బట్టి ఏ పులికి ఆ పులిని గుర్తుపట్టే పద్ధతికి వచ్చారు. ఆ కొత్త పద్ధతిలో 2006 అంచనా 1,411 వస్తే దేశమంతా ఉలిక్కిపడింది. 2022కి అది 3,682కి చేరింది. మన నల్లమలలో కూడా అదే పద్ధతి. తప్పు లెక్క వల్ల ఒక అడవి ఖాళీ అయిపోయేదాకా ఎవరికీ తెలియలేదని ఆయన చెప్పినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో విషయం ఆ రోజే చర్చకు వచ్చింది. అమెరికా ఆగ్నేయ తీరంలో లాగర్‌హెడ్ అనే తాబేళ్ల మీద డెబొరా క్రౌస్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 1987లో ఒక లెక్క కట్టారు. గుడ్డు, చిన్న పిల్ల, ఎదుగుతున్నది, తల్లి అని వయసు దశలుగా విడదీసి, ఏ దశలో చావులు తగ్గిస్తే మొత్తం సంఖ్య పెరుగుతుందో చూశారు. ఒడ్డున గుడ్లన్నీ నూటికి నూరు కాపాడినా ఆ తాబేళ్లు తగ్గుతూనే పోతాయని తేలింది. ఎదుగుతున్న పెద్ద తాబేళ్లు వలల్లో చావకుండా చూస్తేనే నిలబడతాయి. రొయ్యల ట్రాలర్ల వలకు టెడ్ అనే కమ్మీల చట్రం బిగించి, తాబేలు బయటికి పోయే దారి పెట్టాలని అక్కడ పట్టుబట్టడానికి ఈ లెక్క పెద్ద బలమైంది. మన తాబేలు వేరే జాతి, అంకెలు అవే ఉండవు, కానీ వరస అర్థమవుతుంది. వంద గుడ్లు పెట్టే జీవికి ఒక గుడ్డు పోవడం వేరు, పదేళ్లు బతికి తిరిగొచ్చిన తల్లి పోవడం వేరు.

2025 జనవరిలో చెన్నై తీరానికి వందల తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చిన వార్తలు మీరంతా చూశారు. మన ఒడ్డున కూడా మన పట్టిక తిరగేస్తే, ఎర్ర రంగు పూసిన వాటిలో ఎక్కువ భాగం పెద్దవే. పిల్లలకు వందనాలు చెప్పి వదులుతున్న చోటే వాటి తల్లులు చచ్చి పడుతుంటే మన శ్రమ ఎక్కడ పెట్టాలో ఇంక వేరే చెప్పాలా?

మార్చి 9, ఆదివారం సాయంత్రం. ఈ ఏడాదిలో నేను గుండె మీద చెయ్యి వేసుకుని గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క రోజే. ఒక మత్స్యకార గ్రామంలో తుఫాను షెల్టర్ మేడ మీద కూర్చున్నాం. స్టేజీ లేదు, శాలువాలు లేవు. గోడకు తీరం పటం అంటించి, చనిపోయిన తాబేళ్లు దొరికిన చోట్ల ఎర్ర బొట్టుబిళ్లలు అతికించాం, వారానికి ఒక వరస చొప్పున. పదిమంది వస్తారనుకుంటే మేడ నిండిపోయింది. మేం ఎవరినీ తప్పు పట్టలేదు, పటం చూపించి ఏమైందో మీరే చెప్పండి అన్నాం. ఏ వారం ఏ గాలి తోలింది, పెద్ద మరబోట్లు ఒడ్డుకు ఎంత దగ్గరగా వచ్చాయి, 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని చట్టం ఉన్నా రాత్రిపూట ఎట్లా వస్తున్నాయి, వాటివల్ల తమ వలలు కూడా ఎట్లా తెగుతున్నాయి, అన్నీ వాళ్లే చెప్పారు. తాబేలు వాళ్లకు కూర్మావతారం, వలలో పడితే దణ్ణం పెట్టి వదిలేస్తారు. కానీ గాలి పీల్చే జీవి, వల నీళ్లలో గంటలకొద్దీ ఉంటే పైకి లాగేసరికే ఊపిరాడక చచ్చిపోయి ఉంటుంది.

అప్పుడు వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "మీరు ఒడ్డున పడిందే రాసుకుంటా ఉండారు నాయనా, నీళ్లలో తేలతా పొయ్యేవాటిని ఎవరు రాస్తారు?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఒడ్డుకు చేరేది చచ్చిన వాటిలో కొంతే, గాలి, ప్రవాహం అటు ఉంటే అదీ రాదు. మన పట్టికకు ఉన్న పెద్ద కంత అదే, దాన్ని ఆయన ఒక్క మాటలో పట్టుకున్నాడు. ఆ రాత్రే కొందరు పడవల వాళ్లు తేలుతున్న తాబేలు కనపడితే ఫోనులో చోటు, తేదీ పంపిస్తామన్నారు, పంపిస్తున్నారు కూడా. కొందరు ఆ నెలల్లో వల త్వరగా ఎత్తి చూసుకుంటామన్నారు. ఇట్లాంటి మాట తెచ్చుకోవడానికి మనకు ఇన్నేళ్లు పట్టింది.

కంచె విషయంలోనూ నిర్ణయం మారింది. కుక్కల బెడద లేని చోట, అల తగలని చోట గుంటను కదపకుండా అక్కడే వల కప్పి కాపాడాలి. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడా మగా తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. గుడ్లన్నీ తెచ్చి ఒకే ఎండలో పూడిస్తే ఏం జరుగుతుందో ఆలోచించండి. ఇకనుంచి ప్రమాదం ఉన్న గుంటలే కంచెలోకి వస్తాయి. పిల్లలను వదిలే కార్యక్రమాలు తగ్గుతాయి, ఫొటోలు తగ్గుతాయి, దయచేసి అర్థం చేసుకోండి.

జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కలో ఈసారి కూడా పాల్గొన్నాం. 1987 నుంచి జరుగుతున్న పని అది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు లెక్కపెట్టి ఫారం పంపాం. చెరువులు మూడే చూడగలిగాం, మనుషులు లేక. ఒక పక్షి జాతి మొత్తం సంఖ్యలో నూటికి ఒక వంతు క్రమం తప్పకుండా వచ్చే చోటుకు రామ్‌సర్ గుర్తింపు (ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేల అనే గుర్తింపు) అడగొచ్చని మీకు తెలుసు. అలా అడగాలంటే ఏటా అదే చెరువు, అదే పద్ధతిలో లెక్క ఉండాలి. ఒక ఏడు వచ్చి రెండేళ్లు ఎగ్గొడితే ఆ ఫారాలు ఎందుకూ కొరగావు.

జమాఖర్చులు కోశాధికారి గారు వెనక పేజీలో జతచేశారు, ఆడిటర్ గారు చూశారు. ఖర్చు ముఖ్యంగా పెట్రోలు, టార్చీలు, రంగు, టీ. చందా బాకీలు ఉన్నవాళ్లు కట్టండి.

ఇప్పుడు కొంచెం కటువుగా రాస్తున్నాను, కోపం తెచ్చుకున్నా పర్వాలేదు. వాట్సాప్ గ్రూపులో వందమందికి పైగా ఉన్నాం. తాబేలు పిల్ల ఫొటో పెడితే నిమిషంలో యాభై దణ్ణాలు వస్తాయి. ఫిబ్రవరి రెండో వారంలో, ఎక్కువ గుంటలు దొరికే రోజుల్లో, ఒక రాత్రి ముగ్గురం నడిచాం. రోస్టర్‌లో పేరు రాసి సాయంత్రం ఆరింటికి "సారీ అండీ, ఫంక్షన్ ఉంది" అని మెసేజ్ పెడితే ఆ రాత్రి లెక్కలో కంత పడుతుంది. రానివాళ్లు రాలేమని రెండు రోజుల ముందే చెబితే చాలు, ఇంకొకరిని చూసుకుంటాం. అధికారుల సంగతి కూడా చెప్పాలి. తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నది, అనుమతి లేకుండా గుడ్లు ముట్టుకోకూడదు, అది సరైన నియమమే. నవంబరులో ఇచ్చిన మన అర్జీ ఒక కార్యాలయంలో జనవరి దాటేదాకా కదల్లేదు. నాలుగుసార్లు తిరిగాను, నాలుగుసార్లూ సారు మీటింగులో ఉన్నారు. ఈలోపు కుక్కలు, నక్కలు తవ్వేసిన గుంటలు మన కళ్ల ముందే పోయాయి. మన పట్టిక కాపీ ఇస్తే రసీదు ఇవ్వడానికి కూడా మొహమాటపడ్డారు. కాగితం మీద ఉన్న అంకెను చూడటానికి ఇంత భయం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదించేవి రెండు, సమావేశంలో చేతులెత్తి ఆమోదించాలి. తీరాన్ని ముక్కలుగా పంచి ఒక్కో ముక్క ఒక్కో జట్టుకు ఇవ్వడం, దొరికినా దొరక్కపోయినా నడిచిన దూరం, సమయం తప్పకుండా రాయడం. రెండోది, చనిపోయిన తాబేళ్ల పటాన్ని వారం వారం మత్స్య శాఖకు, మెరైన్ పోలీసులకు ఇచ్చి, ఏ రోజుల్లో ఏ చోట గస్తీ కావాలో తేదీలతో సహా అడగడం. "తాబేళ్లను కాపాడండి" అని ఊరికే అర్జీ పెడితే ఫైల్లో పడుకుంటుంది. ఫలానా వారం, ఫలానా రేవు ఎదురుగా అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

నడవడానికి వచ్చేవాళ్లు పేర్లు డిసెంబరు 15 లోపు నాకు ఇవ్వండి. మొదటి నడక జనవరి మొదటి శనివారం రాత్రి పదకొండింటికి, మైపాడు నుంచి ఉత్తరం వైపు. టార్చికి ఎర్ర కాగితం అతికించి తెచ్చుకోండి, తెల్ల లైటు వేస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది.

ఇట్లు,
కార్యదర్శి