గింజ పేలకపోతే మంట పెంచకండి

సంపాదకులకు నమస్కారం.

పాప్‌కార్న్ గురించి రాసే వంటల శీర్షికలు దాదాపు అన్నీ ఉప్పూ మసాలాల దగ్గరే ఆగిపోతాయి. గిన్నె అడుగున పేలకుండా మిగిలే గింజల సంగతి వచ్చేసరికి ‘మంట పెంచండి’ అని తేల్చేస్తాయి. చాలాసార్లు లోపం మంటలో ఉండదు, గింజలోని తేమలో ఉంటుంది. ఇది తెలియక బాగుచేసుకోదగ్గ గింజను మాడ్చి పారేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

పేలడానికి సిద్ధంగా ఉన్న గింజ బరువులో సుమారు 14 శాతం నీరే. పైతొక్క గట్టిది, ఆవిరిని బయటికి పోనివ్వదు. వేడెక్కేకొద్దీ లోపలి నీరు ఆవిరిగా మారుతూ ప్రెషర్ కుక్కర్‌లో లాగా ఒత్తిడి పెంచుతుంది. ఆ వేడికి, తేమకు పిండి ఉడికి మెత్తబడుతుంది. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది పది రెట్లవుతుంది. తొక్క చిట్లుతుంది. ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచించి పిండిని నురగలా ఉబ్బిస్తుంది, ఆ నురగ వెంటనే చల్లారి గట్టిపడుతుంది. మనం తినేది దాన్నే.

ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఇమ్మాన్యుయేల్ వీరో, అలెగ్జాండర్ పొనోమారెంకో దీన్ని హైస్పీడ్ కెమెరాతో చిత్రించి 2015లో ఫలితాలు ప్రకటించారు. 170 డిగ్రీల దగ్గర 34 శాతం గింజలే పేలితే, 180 దగ్గర 96 శాతం పేలాయి. పది డిగ్రీల్లో అంత తేడా! ‘టప్’ మనే చప్పుడు తొక్క పగిలినందుకు కాదనీ, ఆవిరి ఒక్కసారిగా వెలువడినందుకు వస్తుందనీ తేల్చిందీ వాళ్లే.

తొక్కకు సన్నని పగులున్నా, గింజ కండెకు అతుక్కునే మొన దగ్గర సందున్నా ఆవిరి జారిపోతుంది, ఒత్తిడి నిలవదు. మామూలు మొక్కజొన్న సరిగా పేలకపోవడానికీ ఇదే ముఖ్య కారణం: దాని తొక్క ఆవిరిని అంతగా ఆపలేదు, లోపల మెత్తని పిండి ఎక్కువ. పాప్‌కార్న్ అందుకు తగిన ప్రత్యేక రకం. తేమ బాగా తగ్గితే గింజ పేలదు, లేదా సగం విచ్చుకుని గట్టిగా ఉండిపోతుంది. తేమ మరీ ఎక్కువైనా చిక్కే, పేలిన పువ్వు చిన్నదై సాగుతుంది.

ఎండిన గింజను బాగుచేసుకోవచ్చు. 600 గ్రాముల గింజను గాజు సీసాలో పోసి ఒక టేబుల్ స్పూను, అంటే 15 మి.లీ. నీళ్లు కలిపి మూత బిగించాలి. నీరు ఇంకేదాకా పది నిమిషాలకోసారి కుదపాలి. ఆపైన రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, కొన్ని గింజలు పేల్చి చూడాలి. కలిపిన నీరు గింజ బరువులో రెండున్నర శాతమే, తేమ పదకొండున్నరకు పడిపోయిన గింజకు అది సరిపోతుంది. తొందరపడి ఎక్కువ పోస్తే బూజు పడుతుంది.

ఇక మంట. మరీ తక్కువైతే ఒత్తిడి పెరిగేలోపే ఆవిరి మెల్లగా కారిపోతుంది. మరీ ఎక్కువైతే లోపలి పిండి ఉడకకముందే తొక్క చిట్లి, నడుమ గట్టిగా మిగులుతుంది. అడుగు మందమైన మూడు లీటర్ల గిన్నెలో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె, మూడు గింజలు వేసి మధ్యస్థమైన మంట మీద పెట్టాలి. ఆ మూడూ పేలాక 50 గ్రాముల గింజను ఒకే పొరగా పరచి, గిన్నెను అర నిమిషం పొయ్యి మీంచి దించాలి. ఈ అర నిమిషాన్ని చాలామంది వదిలేస్తారు, నా లెక్కన అసలు కిటుకు ఇదే. గింజలన్నీ ఇంచుమించు ఒకే వేడికి వస్తాయి, మళ్లీ పొయ్యి ఎక్కించాక దాదాపు కలిసి పేలుతాయి. మూత కొద్దిగా ఓరగా పెట్టాలి, లేకపోతే ఆవిరి లోపలే నిలిచి పువ్వులు మెత్తబడతాయి. పేలుడుకీ పేలుడుకీ మధ్య రెండు మూడు సెకన్లు పట్టిందంటే దించేయాలి. వెన్న పేలాకే వేయాలి, ముందు వేస్తే 180 డిగ్రీలు రాకముందే అందులోని పాల పదార్థం మాడుతుంది. ఉప్పు మెత్తగా నూరినదైతేనే పువ్వుకు అంటుకుంటుంది.

పాప్‌కార్న్‌ను సినిమా హాళ్లు పుట్టించిన చిరుతిండిగా రాయడం కూడా సరికాదు. పెరూ ఉత్తర తీరంలోని పరెడోనెస్, హువాకా ప్రియెటా తవ్వకాల్లో దొరికిన మొక్కజొన్న కండెల్లో పాతవి సుమారు 6,700 ఏళ్ల నాటివని 2012లో వెల్లడైంది. అక్కడ కుండలు రాకముందే గింజలు పేల్చుకు తిన్నారు. అమెరికా వ్యాపారి చార్లెస్ క్రెటర్స్ పాప్‌కార్న్ పేల్చే ఆవిరి యంత్రపు బండిని షికాగో ప్రపంచ ప్రదర్శనకు తెచ్చింది 1893లో. 1930ల ఆర్థిక మాంద్యంలో ఐదు పది సెంట్లకు దొరికే తిండి కావడంతో అమెరికా సినిమా హాళ్లలో అది నిలదొక్కుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర కొరత వచ్చి మిఠాయిలు తగ్గడం దానికి మరింత కలిసొచ్చింది.

గింజ ప్యాకెట్ల మీద నింపిన తేదీతో పాటు నింపేనాటి తేమ శాతం కూడా ముద్రించాలని తయారీదారులను కోరుతున్నాను. మీ పత్రిక వంటల పేజీలో పాప్‌కార్న్ గురించి ఈసారి రాసేటప్పుడు గింజ, నూనెల కొలతలు, గిన్నె పరిమాణం ఇవ్వండి. ప్యాకెట్ విప్పాక గింజను గాలి చొరని సీసాలోకి మార్చాలన్న మాట కూడా అందులో చేర్చండి.

— ఒక పాఠకుడు