అన్ని మ్యాన్‌హోళ్లూ 1.20 మీటర్లే ఎలా అయ్యాయంటే

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, ఇంటి ప్లానుతో పాటు పెట్టే ప్లంబింగ్ షీట్లు (నీళ్ల, మురుగు పైపుల డ్రాయింగులు) గీయించుకున్న మీ అందరికీ ఈ మాట నేనే చెప్పాలి. వాట్సాప్‌లో ఇప్పటికే సగం సగంగా తిరుగుతోందట. మేం గీసిన డ్రాయింగు ఒకటి తప్పయింది. దాని వెంట ఇంకో ఎనిమిది అనుమానంలో పడ్డాయి. పది రోజులుగా కొత్త పని తీసుకోనిది, కొందరి ఫోన్లు ఎత్తనిది అందుకే.

పోయిన నెల హొరమావు వైపు ఒక 30 బై 40 అడుగుల సైటు. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. వాళ్ల అన్నగారి ఇంటికీ షీట్లు మావే. ప్లానుకు మంజూరు వచ్చింది, పునాదులు తవ్వుతున్నారు. ఒకరోజు పొద్దున ఏడున్నరకు మేస్త్రీ ఫోను. "సార్, మీ పేపర్ల ప్రకారం పైపు వేస్తే ఇంట్లో నీళ్లు రోడ్డుకు పోవు, రోడ్డువే ఇంట్లోకి వస్తాయి" అన్నాడు. నవ్వాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్న నాకు వాటం (పైపు వాలు) గురించి ఇతను చెప్తాడా అనుకున్నాను. అతను మాత్రం నవ్వలేదు. "నీళ్ల ట్యూబు పట్టి చూసినా సార్" అన్నాడు. మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్లు నింపిన గొట్టం అది.

వెళ్లి చూస్తే అతనిదే రైటు. నాలుగంగుళాల డ్రైనేజీ పైపుకు మేం పెట్టే వాటం నలభైకి ఒకటి. అంటే నలభై అడుగుల పొడవుకు ఒక అడుగు దిగుతుంది. ఇంటి వెనక ఛాంబరులో (మురుగు పైపులు కలిసే గుంతలో) పైపు అడుగున్నర లోతున మొదలైతే, గేటు దాటి రోడ్డు మ్యాన్‌హోలు చేరేసరికి రెండున్నర అడుగుల లోతున ఉంటుంది. మా షీటులో మ్యాన్‌హోలు లోపలి పైపు అడుగుభాగం 1.20 మీటర్ల లోతున, అంటే దాదాపు నాలుగడుగుల కింద అని ఉంది. కాగితం మీద హాయిగా కలుస్తుంది. అక్కడ మూత తీయించి కొలిస్తే వచ్చింది 0.62 మీటర్లు. రెండడుగులే! మా పైపు రోడ్డు పైపు కన్నా అరడుగు కిందికి వెళ్తోంది. ఆరంగుళాల పైపు వేసి వాటం అరవైకి ఒకటికి తగ్గించినా రెండంగుళాలు తేడా మిగిలింది. నీరు పల్లమెరుగు అని చిన్నప్పటి నుంచీ విన్నదే, నా డ్రాయింగు ఒక్కటే ఎరగలేదు.

మంజూరు ఎలా ఇచ్చారని అడగకండి. కాగితం మీద లెక్క సరిపోయింది కాబట్టి ఇచ్చారు. మూత ఎత్తి చూసుకోవాల్సింది మేము.

ఆ 1.20 ఎక్కడిదో చెప్పాలి. రెండేళ్లుగా లెవెల్స్ (సైటు, మ్యాన్‌హోళ్ల ఎత్తు, లోతు కొలతలు) తీసే పని బయట ఒక సర్వే మనిషికి ఇస్తున్నాం. పేరు చెప్పను. సైటుకు ఇంత అని తీసుకుంటాడు, రెండో రోజుకల్లా నీటుగా టేబులు కట్టి పంపుతాడు. ఆ రాత్రి ఆఫీసులో కూర్చుని అతను ఇచ్చిన పాత షీట్లు తీశాను. బాణసవాడి సైటుకు 1.20. కేఆర్ పురం సైటుకు 1.20. రోడ్డు ఏటవాలుగా దిగే కల్కెరె సైటుకూ 1.20. తొమ్మిది సైట్లు, తొమ్మిదింటికీ ఒకటే అంకె. నిజంగా టేపు వేసి కొలిస్తే 0.87 వస్తుంది, 1.43 వస్తుంది, వంకర అంకెలే వస్తాయి. తొమ్మిదిసార్లూ ఇంత గుండ్రంగా రాదు. ఫోను చేస్తే "అన్నా, అటువైపు మామూలుగా అంతే ఉంటుంది కదా" అన్నాడు. మామూలుగా! సైటుకు పోయినట్టు బిల్లులో ఆటో చార్జీ కూడా వేశాడు.

అతన్ని ఎంత తిట్టుకున్నా షీటు కింద సంతకం నాది. తొమ్మిది సార్లు అదే అంకె నా కళ్ల ముందు నుంచే పోయింది. ఆ మాట రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

మిగతా ఎనిమిది ఫైళ్ల సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు. నాలుగింటికి మంజూరు వచ్చేసింది, మూడు దాఖలై ఉన్నాయి, ఒకటి ఇంకా మా టేబుల్ మీదే ఉంది. మా బావమరిది (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ పనంతా తనదే) ఒకటే మాట అన్నాడు: "బావా, మనమే పోయి కొలుద్దాం. తప్పున్నవి గుట్టుగా మార్చి ఇద్దాం, బాగున్నవాళ్లను ఎందుకు భయపెట్టడం?" అందులో న్యాయం లేకపోలేదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఉన్న టెన్షన్లు చాలు. పైగా నాకు పని పంపే ఆర్కిటెక్టులు ఇద్దరున్నారు, వాళ్లకు తెలిస్తే పని ఆగిపోతుందేమోనన్న భయం, దాచడం ఎందుకు, ఉంది. మూడు రాత్రులు అటూ ఇటూ తేల్చుకోలేకపోయాను. చివరికి ఆ మేస్త్రీ గుర్తొచ్చాడు. నాకు చెప్పకుండా సైటులో తనే ఏదో సర్దేసి ఉంటే నాకెంత మండేదో అనిపించింది. మర్నాడు ఎనిమిది ఇళ్లకూ నేనే ఫోను చేశాను. దాఖలైన మూడింటినీ వెనక్కి తీసుకున్నాం.

ఎనిమిదీ కొలిచాం. ఆరింటిలో మ్యాన్‌హోళ్లు కావలసినంత లోతునే ఉన్నాయి, లోతు అంకె దిద్దితే చాలు. ఆ ఆరూ బాగుండటం మా అదృష్టం, అందులో మా పనితనం ఏమీ లేదు. రెండింటిలో మార్పు తప్పలేదు. ఒక ఇంట్లో వెనకవైపు బాత్రూముల పైపును ముందు మూలకు తెచ్చి దూరం తగ్గించాం, ఇంకో ఇంట్లో నేల మట్టం పెంచాం. హొరమావు ఇంటికి సైటంతా అడుగు ఎత్తు చేయాల్సి వచ్చింది. మట్టి ఖర్చు, కూలీ నావే. ఆ ఇంటావిడ "పర్లేదన్నా, పునాదిలోనే తెలిసింది కదా" అన్నారు. అలా కాక నాలుగు తిట్టి ఉంటే నా మనసు కాస్త తేలికపడేది.

మిగతా షీట్ల గురించి కంగారు వద్దు. నీళ్ల లైన్లు, సంపు, పైన ట్యాంకు, వెంట్ పైపులు, ట్రాపుల్లో (మురుగు వాసన ఇంట్లోకి రాకుండా ఆపే వంపుల్లో) రెండంగుళాల నీటి అడ్డు, ఇవేవీ ఆ అంకె మీద ఆధారపడలేదు. వాన నీటి గుంత కూడా అంతే. 30 బై 40, ఆపై సైటులో కట్టే కొత్త ఇంటికి అది ఇక్కడ తప్పనిసరి అని మీకు తెలిసిందే. ఒక్కటి మాత్రం మళ్లీ చెప్తున్నా: ప్లంబరు ఎంత బతిమాలినా వాన నీటి పైపును డ్రైనేజీ ఛాంబరులో కలపనివ్వకండి. పెద్ద వాన పడ్డ రోజు మన వాటం ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు.

ఇక నుంచి లెవెల్స్ మేమే తీస్తాం. వాటర్ బోర్డు మనిషి వచ్చి మూత తీస్తేనే కొలుస్తాం, లోపలికి ఎవరూ దిగరు, పైనుంచే కర్ర, టేపు. ఆ మనిషి దొరికే రోజును బట్టి మా పని నడుస్తుంది కాబట్టి మూడు రోజుల్లో ఇచ్చే సెట్టు ఇప్పుడు ఎనిమిది రోజులు పడుతుంది. ఫీజు పదిహేను వందలు పెరిగింది. తొందరైతే పక్క వీధిలో ఒక్క రోజులో గీసిచ్చేవాళ్లున్నారు, నేనేమీ అనుకోను. (అనుకుంటాను.) ప్రతి సెట్టుతో పాటు మ్యాన్‌హోలులో టేపు పెట్టి తీసిన ఫొటో ఇస్తాం. అది లేకుండా మా ఆఫీసు నుంచి షీటు వస్తే తీసుకోకండి.

కొలతలకు మా వెంట వచ్చేది ఆ హొరమావు మేస్త్రీనే. ఆదివారాలు ఖాళీ అట. నీళ్ల ట్యూబు తనదే తెచ్చుకుంటానన్నాడు, నా ఆటో లెవెల్ (మట్టం చూసే పరికరం) మీద ఇంకా నమ్మకం కుదరలేదు.

సర్వే మనిషి పోయిన నెల బిల్లు కోసం రోజూ మెసేజ్ పెడుతున్నాడు. ఆ తొమ్మిదింటిలో ఏదో ఒక మ్యాన్‌హోలు పక్కన నిలబడిన ఫొటో పంపమన్నాను. ఇంకా పంపలేదు.