నిట్టూర్పుకి ఎంత ఇస్తారే?

ఒసేయ్ సుజీ,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. జవాబు ఆలస్యమైంది, ఏం చెప్పినా సాకే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, చిన్నాడు టెన్త్‌కొచ్చాడు, ఓనరు అద్దె పెంచాడు. అసలు సంగతి విను, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

కృష్ణానగర్‌లో డబ్బింగుకి పిలిచారు. సీరియల్ కాదే, డాక్యుమెంటరీ! నువ్వు మా ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి ఇప్పటికీ "ఇస్తా ఇస్తా" అంటున్న "ఓల్గా నుంచి గంగకు" లేదూ, అది రాసిన హిందీ రచయిత రాహుల్ సాంకృత్యాయన్ మీద. చిన్నప్పుడే ఇల్లొదిలి, 1963లో డార్జిలింగ్‌లో పోయేదాకా కాలు నిలవని మనిషి. ఎగిరి గంతేసి వెళ్ళాను.

పేపర్లు చేతిలో పెట్టారు. తిప్పుతున్నా, తిప్పుతున్నా, అన్నీ మగ గొంతులే. వరసగా పెద్దమనుషులు, అందరికీ తెల్ల లాల్చీ, అందరి వెనకా పుస్తకాల బీరువా. నాకు ఆయన చివరి భార్య కమల గారివి నాలుగు ముక్కలు. చివర్లో ఆయన జ్ఞాపకశక్తి పోతే చూసుకున్నావిడ. ఆవిడా రచయిత్రే, ఆ మాట ఎక్కడా లేదు. ఆ కింద ఇంకోటి: "మొదటి భార్య - నిట్టూర్పు." అంతే!

చిన్నతనంలో పెద్దవాళ్ళు చేసిన పెళ్ళిలే అది. యాభై ఏళ్ళు నిండేదాకా సొంత జిల్లా ఆజంగఢ్‌లో కాలుపెట్టనని ఒట్టేసుకుని 1943లో తిరిగొచ్చాడే, ఆ సీను. గుమ్మంలో ముసుగేసుకున్న ఒకావిడ వీపు. నేను "హుఁ" అనాలి. అన్నాను. "కొంచెం ఏడుపు కలపండి మేడం" అన్నాడు ఇంజనీరు. కలిపాను. "అంత వద్దు మేడం." నీమీదొట్టు సుజీ, అన్నేళ్ళ లేని కాపురాన్ని ఒక్క ఊపిరితో... సరే వదిలెయ్.

టిబెట్ భాగం ఇంకా విడ్డూరం. 1934లో లాసాలో కలిసి, తాళపత్రాల కోసం ఆయనతో మఠాలన్నీ తిరిగిన గెండున్ చోఫెల్, కవి, చిత్రకారుడు, ఎంత పండితుడు! ఫొటోలో పక్కనే నిలబడ్డాడు, పేరే లేదు. పైగా "ఒంటరిగా సాగిన రాహుల్‌జీ" అని గంభీరంగా కామెంటరీ. కంచర గాడిదలు కనిపించాయి, తోలినవాళ్ళు కనిపించలేదు.

టీ బ్రేకులో డైరెక్టర్ని పట్టుకున్నా. మన హిస్టరీ మేడం ముందు నోరు పెగలనిదాన్ని, చూసుంటే మూర్ఛపోయేదానివి! "ఆయన దేశదిమ్మరులకి శాస్త్రం రాస్తూ ఆడవాళ్ళ కోసం ఒక అధ్యాయమే పెట్టాడు. 'ఓల్గా నుంచి గంగకు' కథలు మొదలయ్యేదే గుంపుని నడిపే ఆడమనిషితో. అలాంటాయన సినిమాలో మాకు నిట్టూర్పా?" అన్నా. కుర్రాడు మంచివాడే పాపం. తల గోక్కుని, "ఒక లేడీ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ పెడదామా? డైవర్సిటీ కూడా ఉంటుంది" అన్నాడు. కూరలో కరివేపాకు! ఆవిడా అదే బీరువా ముందు కూచుని ఆయన గొప్పతనమే చెప్తుంది. లెక్క సరిపోతుంది, గుమ్మంలో ఆవిడ మాత్రం ఇటు తిరగదు.

ఆయన్ని తిట్టాలని కాదే. ఇల్లొదలబట్టే కదా అన్ని పుస్తకాలొచ్చాయి అంటావు, తెలుసు. అదే మింగుడుపడటం లేదు. ఆయనంటే నాకు ఎంత...

చోఫెల్ పేరు వేస్తానన్నాడు. "ఒంటరిగా" నా ముందే పెన్నుతో కొట్టేశాడు. తోలినవాళ్ళకి మాత్రం "ఫుటేజ్ లేదు మేడం" అట. మొదటి భార్య గురించి కామెంటరీలో రెండు వాక్యాలు చెప్పండి, నిట్టూర్పుకి నాకు డబ్బులొద్దన్నా. ప్రొడ్యూసర్‌ని అడిగి చెప్తానన్నాడు, ఈ సాయంత్రం మళ్ళీ రమ్మన్నారు. అయ్యో, ఆటోవాడు కింద హారన్ కొడుతున్నాడు, మిగతాది ఇంకో

నీ రాధ