బొంత పరచడానికి కాస్త నేల ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత చీరలు పారేయకండి, బొంతలు కుట్టుకోండి అని ఈమధ్య చాలామంది సలహా ఇస్తున్నారు. మంచి మాటే. కానీ విశాఖలో మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తున్న బొంతల్లో చాలావాటికి తప్పు సూది దగ్గర లేదు, పరచడంలో ఉంది. అపార్ట్‌మెంట్ హాల్లో సోఫా, టీవీ బల్ల పోగా ఎనిమిదడుగుల ఖాళీ నేల మిగలదు. పోనీ మంచం మీద పరుద్దామంటే పరుపు కుంగిన చోటల్లా గుడ్డ వదులుగా నిలుస్తుంది. కుట్టేటప్పుడు కంటికి ఆనని ఆ వదులు, ఉతికి ఆరేశాక ఉబ్బుగా తేలుతుంది. అప్పుడు విప్పడం తప్ప దారి లేదు.

అయిదున్నర మీటర్ల నూలు చీరలో చిరిగిన కొసలు తీసేసి సగానికి మడిస్తే 8 అడుగుల పొడవు, అంచులు పోగా 40 అంగుళాల పైన వెడల్పు వస్తుంది. రెండు చీరలైతే 4 పొరలు, మూడైతే 6. మన సముద్రపు గాలికి అంతకు మించొద్దు. 8 పొరల బొంత అరకు, లంబసింగి చలికి బాగుంటుంది కానీ ఇక్కడ వానాకాలంలో లోపలి పొరలు ఆరక ముక్క వాసన పడుతుంది.

చీరల్ని ముందు వేడినీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి ఉంటే సూది దిగదు, పురుగూ చేరుతుంది. ఫాల్ తప్పకుండా విప్పాలి, జరీ అంచు కత్తిరించాలి. పైన కొత్త గుడ్డ వేసేవారు దాన్ని ఒక రాత్రి నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుక్కి అదొక్కటే కుంచించుకుపోయి కింది పొరల్ని ముడతలు పెట్టేస్తుంది. నూలు చీరల మధ్య ఒక్క పాలియెస్టర్ చీర చేరినా పొరలు జారతాయి. ఎక్కువ మెత్తబడిన చీర లోపలికి, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ.

ఇక పరచడం. ఒక్కో పొర వేసి, నడిమి నుంచి అంచులకు అరచేత్తో సాపు చేసి, ఆ తర్వాతే పై పొర వేయాలి. అన్ని పొరల్లో పడుగు, అంటే నేతలో పొడవునా సాగే దారాలు, ఒకే వైపు ఉండాలి. ఒక ముక్క ఐమూలగా పడిందా, అది సాగుతూనే ఉంటుంది. పరిచాక జానెడు ఎడంతో నిలువునా అడ్డంగా కచ్చా కుట్లు, అంటే పొరలు కదలకుండా పట్టి ఉంచే తాత్కాలికపు పొడవాటి కుట్లు వేయాలి. గుండుసూదులు గుచ్చి నాలుగు రోజులు వదిలేస్తే మన ఉప్పు గాలికి తుప్పు పట్టి మరకలు చేస్తాయి, ఆ మరకలు ఒక పట్టాన పోవు. కచ్చా కుట్లు పడ్డాక మాత్రం బొంతను ఒళ్లో పెట్టుకుని ఎక్కడైనా కుట్టుకోవచ్చు. అందాకా నేల కావాల్సిందే. ఇద్దరుంటే ఆ పని రెండు గంటల్లో తేలుతుంది.

మొదటి వరస నడిమిన వేసి, తర్వాత ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు జరగాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో బొంతలు కుట్టే సిద్దీ తెగ మహిళలు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. పైముక్కల్ని అప్పటికప్పుడు అమరుస్తూ పోతారు కాబట్టి వాళ్లకు అది చెల్లుతుంది, మొత్తం చీర పరిచే మనకు మాత్రం మిగులు గుడ్డంతా నడిమిన పోగవుతుంది. దారం మూరన్నర దాటితే చిక్కులు పడుతుంది. నూలు దారమే వాడాలి. పాలియెస్టర్ దారం తెగదు సరే, మెత్తబడ్డ గుడ్డను కోస్తుంది. ముడి కూడా పాత గుడ్డలోంచి జారిపోతుంది కాబట్టి మొదట్లో, చివర్లో రెండేసి వెనక కుట్లు వేయాలి.

అంగుళానికో వరస చొప్పున 40 వరసలు, ఒక్కోటి 8 అడుగులు, మొత్తం 320 అడుగుల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్లంటే 15 వేల పైమాటే. చేయి తిరిగినవారికి గంటకు పదడుగులు సాగితే 32 గంటలు. చేతి బొంతకు మెషిన్ బొంత ధర అడిగేవారు ఒక్కసారి ఈ లెక్క చూడాలి.

మరి ఇంత శ్రమ ఎందుకంటే, రెండు మూడు ఉతుకులు పడ్డాక బొంత చేతిలోకి తీసుకుని చూడాలి. కుట్లు గుడ్డలో కుదురుకుని వరసల మధ్య సన్నని గట్లు లేస్తాయి. వాటిలో నిలిచిన గాలే జనవరి రాత్రుల్లో వెచ్చదనం, నూలు చెమట పీల్చుకుంటుంది కాబట్టి మే నెలలో కింద పరుచుకున్నా హాయి. పసిబిడ్డ కింద వేయడానికి అంత మెత్తని గుడ్డ ఏ దుకాణంలోనూ దొరకదు. అమ్మమ్మ చీర అంచు ఒక మూల, అమ్మ చీర పువ్వు ఒక మూల పిల్లలు వేలుపెట్టి చూపిస్తుంటే పడ్డ కష్టం గుర్తే రాదు.

అందుకే వార్డుల్లో సామాజిక భవనాలు చూసుకునేవారికి, అపార్ట్‌మెంట్ సంఘాలవారికి మా విన్నపం. పెళ్లిళ్లు, సమావేశాలు లేని ఒక మధ్యాహ్నం, వారానికి రెండు గంటలు హాలు నేల ఇవ్వండి. ఒక్కో బొంతకు పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చాలు. తుడిచి ఆరిన నేల, మంచి వెలుతురు ఉండాలి. పొరలు పరిచేంతసేపు ఫ్యాన్లు ఆపనివ్వాలి. చీపురు, తడిగుడ్డ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
బొంతలు కుట్టే కొందరు మహిళలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం.