ఆన్‌లైన్ కోర్సా, హైదరాబాద్ వర్క్‌షాపా: అమ్మ జవాబు

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు కోర్సుల వివరాలూ చదివాను. ఒకటేమో హైదరాబాద్‌లో రెండు రోజుల స్ప్లింట్ల వర్క్‌షాపు, అదే చేతిని సరైన తీరులో పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీలు చెయ్యడం; ఇంకోటి ఆదివారాలు ఆన్‌లైన్‌లో పిల్లల సెన్సరీ ఇంటిగ్రేషన్, అదే స్పర్శ, శబ్దం లాంటివాటికి సర్దుకోలేని పిల్లలకు చేసే థెరపీ. రెండూ చెయ్యడానికి డబ్బులు చాలవు, ఏది చెయ్యాలమ్మా అని అడిగావు. రోజువారీ పనులు చేసుకోలేనివాళ్లకు అవి మళ్లీ నేర్పే మీ ఆక్యుపేషనల్ థెరపీ నాకేం తెలుసు గానీ, ఊళ్లో ఏఎన్ఎం నర్సుగా ట్రైనింగుల మీద ట్రైనింగులు చేసినదాన్ని కాబట్టి తోచింది రాస్తున్నా. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సగంలోనే వాదనకు దిగుతావు.

స్ప్లింట్లకు వెళ్లు.

పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం మాకు బొమ్మ మీద నేర్పారు. రాసుకుంటే రెండు లైన్లే: మెడ కొంచెం వెనక్కి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా, బ్యాగు నొక్కు, అదంతా మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. ఆ రెండు లైన్లూ అక్కడున్న అందరికీ నోటికి వచ్చు, అయినా ఎవరు నొక్కినా బొమ్మ ఛాతీ లేవదు, మాస్కు పక్క నుంచి గాలి తుస్సుమని పోతుంది. ట్రైనింగ్ మేడమ్ వచ్చి నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి దవడను ‘ఇంత’ పైకి లేపింది, ఛాతీ లేచింది. ఆ ‘ఇంత’ వీడియోలో కనిపించదు బిడ్డా.

స్ప్లింట్ చేసే నీ ప్లాస్టిక్ షీటు కూడా అంతే కదా. సుమారు 65 నుంచి 75 డిగ్రీల వేడి నీళ్లలో మెత్తబడుతుందని, చల్లారి బిగుసుకునేలోపే చేతికి పట్టించాలని నువ్వే చెప్పావు. మణికట్టు ఎముక దగ్గర ఎంత ఎడం వదలాలో, ఎంత అదిమితే వేలిముద్రలు దిగబడి తర్వాత ఒత్తుకుంటాయో ఎవరో ఒకరు పక్కన నిలబడి చూడాలి. స్ప్లింట్ తీసి ఇరవై నిమిషాలైనా చర్మం మీద ఎరుపు తగ్గకపోతే అక్కడ ఒత్తుతున్నట్టే అంటారు. పక్షవాతం వచ్చి చేతికి స్పర్శ తెలియని పెద్దాయన నొప్పి అని కూడా చెప్పలేడు, పుండు పడ్డాకే బయటపడుతుంది.

అలాగని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేదంతా మంచిదనుకోకు. హాలు నిండా జనం, ముందు వరుసలో నలుగురు షీటు ముట్టుకుంటే మిగతావాళ్లు వెనక నుంచి తెర మీద చూడటం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్‌తో ఫొటో. అది బస్ చార్జీ పెట్టుకుని చూసిన ఆన్‌లైనే. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడుగు: ఒక్కో టీచరుకు ఎంతమంది, నా చేత్తో ఎన్ని స్ప్లింట్లు చేయిస్తారు, షీటు ఖర్చు ఫీజులోనే ఉందా అని. నసిగితే వదిలెయ్.

ఆన్‌లైన్‌ను నేను తక్కువ చెయ్యను. 2020లో కరోనా అప్పుడు ప్రభుత్వ దీక్షా వెబ్‌సైట్‌లో పెట్టిన ఐగాట్ అనే ఆన్‌లైన్ కోర్సులు లేకపోతే మాలాంటి వాళ్లకు ఊళ్లోకి ఎవరొచ్చి చెప్పేవారు? నీ పనిలోనూ కొత్త పరిశోధనలు, చట్టాలు, రికార్డులు రాసే పద్ధతి, ఇవన్నీ ఇంట్లో కూర్చుని వినొచ్చు. ఇంకో మాట, ఆ ఆదివారం కోర్సులో నీ సెంటర్ పిల్లల వీడియోలు చూసి వారంవారం తప్పొప్పులు చెబుతారా కనుక్కో (తల్లిదండ్రులను అడక్కుండా మాత్రం తియ్యకు). చెబుతారంటే అది ఏ హాలులో జరిగే వర్క్‌షాపుకైనా మించింది, ఎందుకంటే ఆదివారం విన్నది సోమవారం చేసి, కుదరకపోతే మళ్లీ అడగొచ్చు. ఈసారికి స్ప్లింట్లకు వెళ్లు, దీంట్లో వచ్చే బ్యాచ్‌లో చేరు.

పాఠం చెప్పేవాళ్లు ఏ దేశంవాళ్లో కూడా చూసుకో. నువ్వు చూపించిన ఆ వీడియోలో బాత్‌టబ్‌లోకి దిగడం నేర్పుతున్నారు. మన మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకుపోయి, మోచేతులు చాపలేని ముసలివాళ్లకు బాత్‌టబ్ ఎక్కడిది? బకెట్, చెంబు, పీట, కింద కూర్చునే దొడ్డి. వాళ్లు వీపు మీద నీళ్లెలా పోసుకోవాలి, చెయ్యి నోటిదాకా రాకపోతే ముద్ద ఎలా తినాలి అని నువ్వే అడుగు. అక్కడ జవాబు రాకపోతే ఇక్కడ చేస్తున్న సీనియర్లను అడుగు.

అమెరికాలో ఉన్న నీ ఫ్రెండ్ లెక్క వేరు. అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టులకు ఎన్‌బీసీఓటీ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే మూడేళ్లకు 36 యూనిట్ల చదువు చూపించాలి, అందుకే ఆ అమ్మాయి రాత్రుళ్లు వెబినార్లు వింటుంది. ఆమెను చూసి నువ్వు టెన్షన్ పడకు. కాకపోతే 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో మీ వృత్తి కూడా ఉంది కాబట్టి, చేసిన ప్రతి కోర్సు కాగితం ఒక ఫైల్లో పెట్టుకో, ఫోన్ గ్యాలరీలో కాదు.

వర్క్‌షాపు ఫీజులో సగం నేను పంపుతా. మహబూబ్‌నగర్ నుంచి వచ్చేటప్పుడు ఎంజీబీఎస్ దాకా పోకు, ఆరాంఘర్‌లో దిగితే అత్తాపూర్‌లో పెద్దమ్మ ఇల్లు దగ్గర, రెండు రాత్రులూ అక్కడే పడుకో. వాళ్లకు ముందే ఫోన్ చెయ్, చెప్పకుండా పోతే తర్వాత మాటలు నాకు పడతాయి.

అమ్మ