దీపం సరే, ఇంజనుకే ఆయాసం

నాన్నా,

నిన్న ఫోనులో నువ్వు నీ పాత బొమ్మ రైలు ఇంజను నీరసంగా నడుస్తోందని చెబుతుంటే నేను మూడుసార్లు అడ్డుపడ్డాను, నువ్వు రెండుసార్లు విసుక్కున్నావు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని బల్ల మీద పరుచుకుని, ఒక్కో పని అయ్యాక తరువాతి వాక్యం చదువుకో. మధ్యలో మాత్రం దాటవేయకు. చిన్నప్పటి నుంచి నీకున్న అలవాటే అది.

మొట్టమొదట, పట్టాలకు విద్యుత్తు పంపే కంట్రోలర్ మీటను చివరిదాకా తిప్పి ఇంజనును నడిపించడం మానెయ్యి. నీరసంగా ఉన్నదాన్ని కొరడాతో కొట్టినట్టు అవుతుంది. నిన్న పావుగంట అలా నడిపానన్నావు. ఆ మాట విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నువ్వు మాటవరసకు రెండు సంగతులు చెప్పావు. ముందు దీపం బాగానే వెలుగుతోందని ఒకటి, కాసేపటికి బాయిలరు మీద వేలు పెడితే వేడిగా తగులుతోందని రెండోది. ఆ రెండూ కలిపి చూస్తే సగం రోగం తెలిసిపోయినట్టే. విద్యుత్తు కంట్రోలర్ నుంచి పట్టాలకు, పట్టాల నుంచి చక్రాలకు, చక్రాలను రాసుకునే సన్నటి రేకుల ద్వారా మోటారుకు వస్తుంది. ఆ దారిలో ఎక్కడైనా మురికి అడ్డుపడితే దీపం కూడా మసకబారుతుంది, మిణుకుమంటుంది. పైగా విద్యుత్తు తక్కువగా అందుతుంది కాబట్టి మోటారు వేడెక్కదు. నీ ఇంజను తీరు దానికి పూర్తిగా తిరగబడి ఉంది. విద్యుత్తు దండిగా అందుతోంది, పని మాత్రం జరగడం లేదు. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు.

అయినా నా మాట మీద నమ్మకం పెట్టుకోకు, కొలిచి చూడు. మల్టీమీటరును ఆంపియర్ల మీద పెట్టి, ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చి, కంట్రోలర్ నుంచి పట్టాలకు వెళ్లే రెండు తీగల్లో ఒకదాన్ని విప్పి ఆ మధ్యలో మీటరును కలుపు. రెండు పట్టాలకూ అడ్డంగా కలిపితే మీటరు ఫ్యూజు పోవచ్చు. ఒకసారి నేనే పోగొట్టాను. ఇలాంటి 12 ఓల్టుల పాత మోటారు ఆరోగ్యంగా ఉంటే పెట్టెలేమీ లేకుండా తిరిగేటప్పుడు సుమారుగా అర ఆంపియరు లోపే లాగుతుంది. ముల్లు ఒక ఆంపియరు దాకా పోతోందంటే నా అనుమానం నిజమే. పెట్టెలు లేకుండా ఒక అంకె, మూడు పెట్టెలు తగిలించి ఒక అంకె రాసిపెట్టుకో. మరమ్మతు అయ్యాక మళ్లీ కొలుద్దువు గాని.

పట్టాలు, చక్రాల శుభ్రత గురించి పెద్దగా చెప్పను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పట్టాలు తుడువు. అదే గుడ్డను పట్టాల మీద పరిచి, సగం చక్రాలు గుడ్డ మీద, సగం పట్టాల మీద ఉండేలా ఇంజనును పట్టుకుని తిప్పితే గుడ్డ మీద నల్లటి చారలు పడతాయి. తరువాత రెండో వైపు. గరుకు కాగితం మాత్రం వాడకు. అది చేసే సన్నటి గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

ఇప్పుడు పైతొడుగు విప్పు. స్క్రూ కనబడకపోతే పొగగొట్టం లోపల, లేదా అడుగున ముందు చక్రాల దగ్గర చూడు. విప్పిన ప్రతిదాన్నీ విప్పిన వరుసలోనే తెల్ల గుడ్డ మీద పేర్చు, ప్రతి దశలోనూ ఒక ఫొటో తీసుకో. బల్ల మీద ఇనుప రజను లేకుండా చూసుకో. మోటారులోని అయస్కాంతం దాన్ని పీల్చుకుందంటే తీయడం నరకం.

మోటారు ఇరుసు మీద మరచుట్లలా ఉండేదే వార్మ్ గేరు. అది చక్రాల ఇరుసును తిప్పగలదు కాని, చక్రాలు దాన్ని తిప్పలేవు. కాబట్టి మోటారు బిగించి ఉండగా చక్రాలను వేలితో తిప్పి చూసి బిగుసుకుపోయాయని బెంగపడకు, బలవంతమూ చేయకు. మోటారును చట్రం నుంచి వేరు చేశాక చట్రాన్ని పట్టాల మీద పెట్టి ఒక్క తోపు తొయ్యి. దానంతట అది జారిపోవాలి. జారకుండా అన్ని చోట్లా ఒకేలా బరువుగా ఉంటే పాత నూనె గట్టిపడినట్టు. చక్రం ఒక్క చుట్టు తిరిగినప్పుడల్లా ఒకేచోట పట్టేస్తుంటే అది వేరే జబ్బు. ఆవిరి ఇంజనుకు ఒక వైపు కడ్డీలు, రెండో వైపు కడ్డీలు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాలో ఉండాలి. ఇరుసు మీద ఒక్క చక్రం రవ్వంత జరిగినా కడ్డీలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అలా కనబడితే మెలితిప్పే ప్రయత్నం చేయకుండా నాకు చెప్పు.

నూనె దగ్గర నేనొక నేరం ఒప్పుకోవాలి. నాకు పన్నెండేళ్లప్పుడు మీ పెద్ద మామయ్య ఇంట్లో లేని సమయంలో ఇంజను కీచుమంది. మెషిను నూనె సీసా ఖాళీ. వంటగదిలోని నూనె నాలుగు చుక్కలు పోశాను. ఆ పూట హాయిగా నడిచింది. నెల తిరిగేసరికి వార్నిషు పూసినట్టు పసుపుపచ్చటి జిగురుగా మారి, ఇరుసులన్నీ అంటుకుపోయాయి. వంటనూనెలు గాలి తగిలి జిగురెక్కుతాయని అన్నయ్య అప్పుడు చెప్పాడు. మెషిను నూనె అంత తొందరగా పాడవకపోయినా, ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న ఇంజనులో అదీ చిక్కబడుతుంది, గ్రీజు మైనంలా అవుతుంది. నీ ఇంజను ఎన్నేళ్లు అటక మీద ఉందో నీకు తెలుసు కదా.

ఆ జిగురును కొత్త నూనెతో కరిగించాలని చూడకు, అది అడుసుగా మారుతుంది. ఆల్కహాల్ ముంచిన దూది పుల్లతో ఇరుసు రంధ్రాలు, గేరు పళ్లు తుడిచి పాతదంతా బయటికి తియ్యి. రంగు వేసిన భాగాల మీద పడనీయకు. ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, నూలు పోగులు పట్టకారుతో లాగు. నువ్వు నేల మీద కార్పెట్ పైనే పట్టాలు పరిచేవాడివి కాబట్టి అవి తప్పకుండా ఉంటాయి. ఆరిన తరువాత ఒక్కో ఇరుసుకు సూదిమొన మీద నిలిచేంత పలచటి నూనె చాలు. మోటారు ముందు బేరింగు దగ్గర నూనె పీల్చుకోవడానికి చిన్న ఫెల్ట్ ముక్క ఉంటే దానికి ఒక చుక్క. అంతకు మించి వేసిన ప్రతి చుక్కా చివరికి కమ్యుటేటర్ మీదికే, అంటే మోటారు ఇరుసు మీద తిరుగుతూ తీగ చుట్టలకు విద్యుత్తు అందించే రాగి భాగం మీదికే చేరుతుంది.

ఇప్పుడు చేతిలోని ఒంటరి మోటారుకు కంట్రోలర్ తీగలు తాకించు. బలంగా, చురుగ్గా తిరిగితే తప్పు చట్రానిదే, నూనె పనితో వదిలిపోయి ఉంటుంది. చేతిలో కూడా ఈసురోమంటూ తిరిగితే కమ్యుటేటర్ వైపు చూడాలి. జోరుగా తిరుగుతూ, ఇరుసును వేలితో మెల్లగా తాకగానే ఆగిపోతే సంగతి వేరు. దాని దగ్గరికి తరువాత వస్తాను.

కమ్యుటేటర్ మూడు రాగి ముక్కలుగా ఉంటుంది, మధ్యలో మూడు సన్నటి గాళ్లు. దాన్ని రాసుకుంటూ విద్యుత్తు అందించే బొగ్గు ముక్కలే బ్రష్షులు. అవి అరిగి రాలే పొడి, నూనెతో కలిసి ఆ గాళ్లలో కాటుకలా పేరుకుంటుంది. బొగ్గు విద్యుత్తును పోనిస్తుంది కదా! చుట్టల్లోకి వెళ్లాల్సిన విద్యుత్తులో కొంత ఒక రాగి ముక్క నుంచి పక్క ముక్కకు అడ్డదారిన దూకేస్తుంది. తిండి ఎక్కువ, పని తక్కువ, ఒళ్లు వేడి. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ ఇక్కడ సరిగ్గా కుదురుతాయి. పళ్లు కుట్టుకునే చెక్కపుల్ల మొనతో ఒక్కో గాడినీ గీకు. సూది, బ్లేడు వద్దు, రాగి అంచు లేచిపోతుంది. తరువాత ఆల్కహాల్ దూదితో, నల్లదనం రావడం ఆగేదాకా తుడువు. రాగి మెరవాలి.

పనిలో పనిగా మీటరును ఓమ్‌ల మీద పెట్టి మూడు ముక్కల్లో రెండేసి చొప్పున కొలువు. మూడు జతలు, మూడు అంకెలు. మూడూ ఇంచుమించు సమానమైతే చుట్టలు క్షేమం. ఒకటి బాగా తక్కువైతే ఆ చుట్టలో తీగల పూత కాలి ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. అది మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు, ఆర్మేచర్‌కు, అంటే మోటారులో చుట్టలతో తిరిగే భాగానికి, మళ్లీ తీగ చుట్టించాలి.

బ్రష్షులు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టు. ఈ మోటారులో రెండు బ్రష్షులనూ నొక్కిపెట్టేది ఒకే స్ప్రింగు, దానికి రెండు కాళ్లు. ఒక కాలికి సన్నటి గొట్టం తొడిగి ఉంటుంది. అగ్గిపుల్ల తలంత ఉంటుందేమో. చూడటానికి చెత్తలా ఉంటుంది. కాని ఆ వైపు బ్రష్షును మోటారు చట్రం నుంచి వేరుగా ఉంచేది అదే. అది లేకుండా బిగిస్తే రెండు ధ్రువాలూ స్ప్రింగు ద్వారా కలిసిపోయి, ఇంజను కదలదు సరికదా, స్ప్రింగు ఎర్రగా కాలి బిగువంతా పోగొట్టుకుంటుంది. రెండో బ్రష్షు మామూలుగానే చట్రాన్ని తాకి ఉంటుంది. ఇంజనును డిజిటల్‌గా నడిపించడానికి నువ్వు అడిగిన చిప్పు ఇందులో అంత సులువుగా పెట్టలేమని నేను గొణిగింది అందుకే. రెండు బ్రష్షులూ చట్రానికి తగలకుండా చేయకపోతే చిప్పు ఒక్క క్షణంలో కాలిపోతుంది. ఆ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టు.

ఇక అయస్కాంతం. ఆర్మేచర్‌ను బయటికి లాగకు. అయస్కాంతాన్ని బిగించిన స్క్రూను కూడా వదులు చేయకు. ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నూనె గొడవ ముగిసిన మరుసటి ఏడాది నేను ఆ పనే చేశాను. మోటారు లోపల ఏముందో చూడాలనిపించింది. ఆర్మేచర్ తీసి, రాగి తీగల అందం చూసుకుని, రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున్నే బిగించాను. ఒంటరి మోటారు మునుపటికంటే వేగంగా తిరిగింది. నేనేదో గొప్ప మరమ్మతు చేశానని ఎగిరి గంతేశాను. రెండు పెట్టెలు తగిలించగానే చతికిలపడింది.

ఆ చిక్కుముడి అన్నయ్యే విప్పాడు. తిరిగే మోటారు తానే ఒక చిన్న జనరేటర్ కూడా. వచ్చే విద్యుత్తుకు ఎదురుగా తానూ కొంత ఓల్టేజి పుట్టిస్తుంది. ఆ ఎదురే దానికి కళ్లెం. వేగాన్నీ తిండినీ అదుపులో పెడుతుంది. అయస్కాంతం బలం తగ్గితే కళ్లెం వదులవుతుంది. మోటారు ఖాళీగా ఉంటే పరుగెడుతుంది, ఎక్కువ విద్యుత్తు తింటుంది, బరువు తగలగానే చేతులెత్తేస్తుంది. 1950ల నాటి ఈ మోటార్లలో ఉన్నది అల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుముతో కలిసిన అయస్కాంతం. దాని రెండు కొనల మధ్య ఇనుము ఎప్పుడూ ఉండాలి. ఆర్మేచర్‌లోని ఇనుమే ఆ వంతెన. అది తీసేస్తే అయస్కాంతం బలం బాగా తగ్గిపోవచ్చు. తిరిగి ఆర్మేచర్ పెట్టినా పోయిన బలం రాదు. అన్నయ్య దాన్ని తీసుకుపోయి మళ్లీ అయస్కాంతీకరణ చేయించి తెచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నీ మోటారు వేలు తాకగానే ఆగే రకం అయితే, గాళ్లు శుభ్రం చేశాక కూడా మార్పు లేకపోతే, మళ్లీ అయస్కాంతీకరణ చేయించడమో, నియోడిమియం అయస్కాంతం వేయడమో తప్పదు. రెండోది తేలిక. కాని మరీ బలమైనది వేస్తే మూడు ధ్రువాల మోటారు నెమ్మదిగా నడిచేటప్పుడు ఒక్కో ధ్రువం దగ్గర ఆగి ఆగి కుదుపుతుంది. స్టేషనులోకి మెల్లగా వచ్చే రైలును చూడటమే నీకు ఇష్టం కదా. అందుకని ఆ నిర్ణయం చివర్న తీసుకుందాం. నా పందెం మాత్రం గాళ్లలోని కాటుక మీదే.

అన్నీ బిగించాక పెట్టెలు తగిలించకుండా, మీట సగం దగ్గర పెట్టి, ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడిపించు. బ్రష్షులు కమ్యుటేటర్ వంపుకు సర్దుకుంటాయి. మధ్యమధ్యలో ఆపి వేడి చూడు. గోరువెచ్చదనం ఫరవాలేదు.

తరువాత మళ్లీ ఆ రెండు అంకెలు కొలిచి, పాతవీ కొత్తవీ నాకు రాయి. ఫోనులో చెప్పకు, మళ్లీ అడ్డుపడతాను. కవరు పారేసే ముందు లోపల జాగ్రత్తగా చూడు. ఈ కాగితం వెనక టేపు కింద రెండు కొత్త బొగ్గు బ్రష్షులు, చిన్న గొట్టం ఒకటి అతికించాను.

అమ్మ