మన పాత టాకీసు గోడకు చెయ్యేసిన అందరికీ

పడిపోతుందనుకున్న మన పాత టాకీసు ఇప్పుడు నాటకాలకు, హరికథలకు సిద్ధంగా ఉండాది. సాయం చేసిన ప్రతి ఒక్కరికీ కమిటీ తరఫున నమస్కారాలు.

ముందు సున్నం మేస్త్రన్నకు. పుట్టీ పట్టించి రంగేస్తే తొందరగా అయిపోతుందని సలహాలు శానా వచ్చినాయి. ఆయన ఒప్పుకోలా. పాత గోడ సున్నంతో కట్టింది, లోపలి చెమ్మ బయటికి రావాల, పైన సిమెంటూ ప్లాస్టిక్ రంగూ మూసేస్తే పెచ్చులూడిపోతుందని తేల్చి చెప్పినాడు. సున్నం నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూసినాడు. బెల్లం చిత్తూరు మార్కెట్టులో అంగడి అన్న ఊరికే ఇచ్చినాడు.

విచిత్రం ఏందంటే, గోడలకు కట్టే బొమ్మల గుడ్డలు రాయడానికి శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ అక్క కూడా అవే కరక్కాయ, బెల్లం అడిగింది! గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఎండబెట్టింది. పాలలో కొవ్వు ఉంటే రంగు పాకదంట. చింతబరికెల బొగ్గుతో గీతలు గీసి, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంలో వెదురు కలం ముంచి రాసింది. కరక్కాయ తగలగానే ఆ గీత నల్లబడిపోతుంటే బడి పిల్లకాయలు నోరెళ్లబెట్టినారు. ఎరుపు రావాలంటే పటిక పూసి, ఉతికి, రంగులో ఉడికించాల. పారే నీళ్లు కావాలంటే బోరు వదిలిపెట్టిన రైతన్నకు, గుడ్డలు మోసిన డ్వాక్రా అక్కలకు ఎంత చెప్పినా తక్కువే.

బొమ్మలో ఏముండాలని అడిగితే ఊరంతా ఒకటే మాట: మన భారతం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజుల తిరునాళ్లు. తపస్సు మాను అనే పొడుగాటి కొయ్య ఎక్కే అర్జునుడు, నేల మీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడు, తొడ మీద కొట్టే భీముడు, జుట్టు ముడేసే ద్రౌపది. వేషాలు ఎట్లుంటాయో కట్టి చూపించిన నాటకం తాతలకు దండాలు. భీముడి మీసం రెండుసార్లు మార్పించినారు, అది వేరే కథ.

సినిమా హాలులో సినిమావాళ్లు లేకుంటే ఎట్లా అని అలిగినోళ్ల కోసం చిత్తూరు నాగయ్య గారిని కూడా రాయించినాం. 1965లో పద్మశ్రీ అందుకున్న ఆయన కూడా నాటకాల నుంచి పోయినాయనే గదా.

గుడ్డలను గోడకు అంటించకుండా చెక్కల మీద కాస్త ఎడంగా కట్టిన వడ్రంగి అన్నకు ప్రత్యేకంగా. గోడకు గాలాడుతుంది, మాట మారుమోగడం కూడా తగ్గింది. మైకు సెట్టు అబ్బోడు డబ్బులు పుచ్చుకోలేదు. కరెంటు పని, కుర్చీలు, భోజనాలు చూసుకున్నోళ్లందరికీ కృతజ్ఞతలు.

నానిన సున్నం ఇంకా కొంచెం డ్రమ్ములో ఉండాది. పాత సున్నపు గోడలున్నోళ్లు ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు, బకెట్టు మీరే తెచ్చుకోండి.